ఫార్మ్-డి తర్వాత హెల్త్ ఎకనామిక్స్: చెన్నైలో దారి ఉందా?

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఫార్మ్-డి (ఫార్మసీ డాక్టర్ కోర్సు) నాలుగో సంవత్సరం పూర్తి చేస్తోంది. హాస్పిటల్ ఉద్యోగమో, అమెరికాలో ఎమ్మెస్సో అనుకుంటుంటే ఇప్పుడు హెల్త్ ఎకనామిక్స్ చేస్తానంటోంది. రోగుల జీవన నాణ్యత కొలవడం, పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం ఏ వైద్యంలో ఉందో లెక్క కట్టడం అట. 'మనిషి ప్రాణానికి ఖరీదు కట్టడం కూడా ఒక చదువేనా?' అని మా బావగారు అన్నారు. నాకూ జవాబు తోచలేదు. దీన్ని నమ్ముకుని పిల్లను పంపొచ్చా? – ఒక తండ్రి, చెన్నై

జవాబు: ముందు మీ బావగారి మాటకే జవాబు చెప్తాను. రేపు మీ అమ్మాయికి ఈ మాట చాలాచోట్ల ఎదురవుతుంది. ఆరోగ్యశ్రీ కానివ్వండి, తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకం కానివ్వండి, ఉన్న డబ్బుకు ఒక హద్దు ఉంటుంది. ఏ ఆపరేషన్‌ను పథకంలో చేర్చాలి, ఏ ఖరీదైన మందును పక్కన పెట్టాలి అని ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు. లెక్క లేకపోతే పలుకుబడి ఉన్నవాళ్ల మాటే చెల్లుతుంది. లెక్క కాగితం మీద ఉంటే ఎవరైనా దాన్ని చదివి, తప్పుంటే నిలదీయొచ్చు. పేదవాళ్లకు ఇది చాలా అవసరమైన చదువని నేను నమ్ముతాను.

ఇందుకు మీ ఊళ్లోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. అప్పట్లో క్షయ అంటే శానటోరియంలో నెలల తరబడి మంచం, బలమైన తిండి, విశ్రాంతి. దేశంలో ఉన్న రోగులందరికీ అన్ని మంచాలు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకని నగరంలోని పేద రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టును శానటోరియంలో చేర్చారు. రెండో జట్టుకు ఇంటి దగ్గరే, ఆ ఇరుకు గదుల్లోనే, దొరికిన తిండితోనే అవే మందులు ఇచ్చి ఏడాదిపాటు గమనించారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. కుటుంబంలో మిగతావాళ్లకు జబ్బు అంటుకునే ప్రమాదమూ దానివల్ల పెరగలేదు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచవ్యాప్తంగా క్షయ వైద్యం శానటోరియం వదిలి ఇంటి వైపు మళ్లింది. ఎక్కడ ఖర్చు పెడితే ఎక్కువమంది బతుకుతారు అన్న ప్రశ్న అడగబట్టే కదా అది జరిగింది! ఆ కేంద్రమే ఇప్పుడు చేట్‌పట్‌లో ఉన్న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి జాతీయ క్షయ పరిశోధన సంస్థ. అక్కడ హెల్త్ ఎకనామిక్స్ విభాగం కూడా ఉంది.

ఇక మీ అమ్మాయి చేయబోయే పని. ఇందులో ముఖ్యమైన కొలతను 'క్వాలీ' అంటారు, అంటే జీవన నాణ్యతను కలిపి లెక్కించిన ఆయుష్షు ఏడాది. పూర్తి ఆరోగ్యంతో గడిపిన ఏడాదికి 1, మరణానికి 0. ఒక రోగి స్థితికి 0.6 విలువ వచ్చిందంటే, ఆ స్థితిలో రెండేళ్లు బతికితే 1.2 క్వాలీలు. లెక్క అర్థం కావడానికి అంకెలు ఊహించి చెప్తాను. పాత వైద్యానికి 40 వేలు, కొత్తదానికి 1,20,000 ఖర్చవుతుందనుకోండి. కొత్తది అర క్వాలీ ఎక్కువ ఇస్తే, అదనపు 80 వేలను 0.5తో భాగించాలి. ఒక్కో క్వాలీకి 1,60,000 అవుతుంది. మన దేశంలో ఈ పని చూసే హెచ్‌టీఏ-ఇండియా (హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్) అనే ప్రభుత్వ వ్యవస్థ సాధారణంగా తలసరి జీడీపీని (దేశ ఉత్పత్తిలో సగటున ఒక్కో మనిషి వాటాను) గీతగా పెట్టుకుని, ఒక్కో క్వాలీకి అయ్యే ఖర్చు ఆ లోపల ఉంటే ఖర్చుకు తగిన వైద్యమని చూస్తుంది. అయితే ఆ ఒక్క అంకెతోనే నిర్ణయం అయిపోదు, బడ్జెట్ మీద పడే భారం కూడా చూస్తారు.

భాగహారం స్కూలు పిల్లలూ చేస్తారు. కష్టమంతా ఆ 0.6 ఎక్కడి నుంచి వచ్చిందన్న దాంట్లో ఉంది. ఎక్కువగా వాడే ప్రశ్నావళి పేరు ఈక్యూ-5డీ. నడవడం, సొంత పనులు చేసుకోవడం, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన లేదా దిగులు – ఈ ఐదింటి గురించి 'ఈరోజు ఎలా ఉంది' అని అడుగుతుంది. మోకాళ్ల నొప్పులతో గూడూరు నుంచి ఒక పెద్దావిడ చెన్నై ఆసుపత్రికి వచ్చిందనుకోండి. పక్కన కొడుకు ఉన్నాడు. స్నానం, బట్టలు కట్టుకోవడం మీరే చేసుకుంటున్నారా అంటే 'బానే చేసుకుంటున్నానమ్మా' అంటుంది. కొడుకు టోకెన్ కోసం వెళ్లగానే, 'కోడలు నీళ్లు తోడిపెడితే పీట మీద కూర్చుని పోసుకుంటున్నా, లేవాలంటే గోడ పట్టుకోవాల్సిందే' అంటుంది. ఈ రెండు జవాబులకూ విలువ వేరు. ఆవిడ నోట్లో మన మాట పెట్టకూడదు, ప్రశ్నను మార్చి అడగకూడదు, తొందరపెట్టకూడదు. తెలుగు, తమిళం రెండూ ఇంటి భాషల్లా వచ్చిన మీ అమ్మాయికి ఇక్కడ పెద్ద సౌకర్యం ఉంది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చేవాళ్లు ఎంతమందో మీకే తెలుసు.

జవాబులను అంకెగా మార్చడానికి మన దేశ ప్రజల అభిప్రాయాలతోనే తయారైన విలువల పట్టిక కూడా ఉంది. చండీగఢ్‌లోని పీజీఐ అనే వైద్య సంస్థ వాళ్ల ఆధ్వర్యంలో జరిగిన ఆ అధ్యయనం 2022లో వెలువడింది. 'ఈ బాధలతో పదేళ్లు బతకడమా, పూర్తి ఆరోగ్యంతో అంతకన్నా తక్కువ ఏళ్లు బతకడమా' అని మామూలు జనాన్ని అడిగి ఆ విలువలు రాబట్టారు.

ఉద్యోగాల విషయం దాచకుండా చెప్తాను. ఐసీఎంఆర్ సంస్థల్లో, హెచ్‌టీఏ కేంద్రాల్లో పని గొప్పది, నేర్చుకునేదీ ఎక్కువే. కానీ మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు పోస్టులు, ప్రాజెక్టు ముగిస్తే మళ్లీ వెతుక్కోవాలి. మందుల కంపెనీలు, కన్సల్టింగ్ సంస్థల ఉద్యోగాలు చెన్నై కంటే బెంగళూరు, హైదరాబాద్, గురుగ్రామ్‌లలోనే ఎక్కువ. వాటిలో చాలా పని బ్రిటన్ లాంటి దేశాల ప్రభుత్వ సంస్థలకు సమర్పించే నివేదికల కోసం జరుగుతుంది. మొదటి ఏడాది రెండేళ్లు వందలకొద్దీ పరిశోధన పత్రాలు చదివి వడకట్టడమే పని. అది విసుగనిపించే పిల్లలు నిలవలేరు. ఇంగ్లిష్ రాయడం శుభ్రంగా రావాలి. ఎక్సెల్ బాగా తెలియాలి, తర్వాత గణాంకాల లెక్కలకు వాడే 'ఆర్' అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి.

చదువుకు ఇప్పుడే విదేశీ లోను తీసుకోవద్దు. ఇంగ్లండ్‌లో యార్క్ యూనివర్సిటీ ఈ సబ్జెక్టుకు పేరున్నదే, కానీ తనకు ఈ పని పడుతుందో లేదో తెలియకముందే లక్షల అప్పు నెత్తికెత్తుకుంటే టెన్షన్ మొత్తం ఆ పిల్ల మీదే పడుతుంది. అంబత్తూరు దగ్గర అయపాక్కంలో ఉన్న జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, పోరూరులోని శ్రీరామచంద్ర విద్యాసంస్థ, రెండుచోట్లా ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) ఉంది. ఎవరికి అర్హత, అనుభవం అడుగుతారా అన్నది ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి. ఐఐటీ మద్రాసులో కూడా ఆరోగ్య ఆర్థిక రంగంలో పరిశోధన జరుగుతోంది. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే అది తర్వాతి మాట.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. ఫార్మ్-డి ఐదో సంవత్సరం సిలబస్‌లోనే ఫార్మకో ఎకనామిక్స్ (మందుల ఖర్చు, ఫలితాల లెక్క) పేపరు ఉంది, ఆరు నెలల ప్రాజెక్టూ ఉంది. ఆ ప్రాజెక్టును దీని మీదే పెట్టుకోమనండి. షుగర్ వల్ల కాళ్లకు పుండ్లు పడ్డవాళ్లో, డయాలసిస్‌కు వచ్చేవాళ్లో, ఏదో ఒక జబ్బు ఎంచుకుని వాళ్ల జీవన నాణ్యత కొలవాలి. దానితోపాటు ఇంటివాళ్లు పెట్టే ఖర్చు కూడా రాయాలి: మందులు, బస్సు చార్జీలు, తోడు వచ్చినవాళ్లు పోగొట్టుకున్న కూలి. ఆరు నెలల తర్వాత ఆ అంకెలతో కుస్తీ పట్టడం తనకు ఇష్టంగా ఉందా, రోగులతో మాట్లాడటం వరకే ఇష్టంగా ఉందా అన్నది తనకే తెలిసిపోతుంది. రెండోదైతే క్లినికల్ ఫార్మసీలో (ఆసుపత్రిలో రోగుల మందులు చూసే పనిలో) హాయిగా ఉంటుంది, అప్పుడు మీరు బలవంతం చేయొద్దు. మొదటిదైతే అడ్డుపడొద్దు.

ఈక్యూ-5డీ ప్రశ్నావళి కోసం దాన్ని తయారు చేసిన యూరోక్వాల్ సంస్థ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి, విద్యార్థుల ప్రాజెక్టులకు మామూలుగా ఫీజు ఉండదు. తెలుగు, తమిళ ప్రతులు వాళ్ల దగ్గరి నుంచే తీసుకోవాలి, సొంతంగా అనువదించుకోకూడదు. రోగుల మీద చేసే అధ్యయనాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ అనుమతికి సమయం పడుతుంది కాబట్టి సెలవులు అయ్యేదాకా ఆగకుండా ఈ నెలలోనే గైడ్‌తో మాట్లాడమనండి.