1971 పక్కన ఖాళీగా ఉన్న గడి

తమ్ముడూ,

నువ్వు పంపిన రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన చదివేశాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని మెల్లగా చదివాను. హోవర్డ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర తెలుగులో చెప్పాలని నీకు తట్టినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. మన పిల్లలు ఏటా వాషింగ్టన్ చుట్టుపక్కలకు చదువులకు వస్తూనే ఉన్నారు. ఆ ఊరి నడిబొడ్డున ఇంత కథ ఉందని వాళ్లలో ఎవరూ నాకు రాయలేదు. నువ్వు రాశావు. అందుకే రెండు ముక్కలతో సరిపెట్టడానికి మనసొప్పక ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఎత్తుగడ సంగతి. నువ్వు 1867లో యూనివర్సిటీ పుట్టుకతో మొదలుపెట్టావు. జనరల్ హోవర్డ్ ఎవరు, అంతర్యుద్ధం తర్వాత నల్లజాతి వాళ్ల చదువు ఎలా మొదలైంది, ఏ భవనం ఎప్పుడు కట్టారు, అన్నీ వరసగా చెప్పావు. అవన్నీ నిజాలే. కానీ బంతి కదిలేసరికి పదకొండో పేజీ వచ్చేసింది. అంతదాకా ఓపిక పట్టే పాఠకుడు ఎక్కడున్నాడు?

నేనైతే ఒక పట్టికతో మొదలుపెడతాను. అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ వాళ్ల ఫుట్‌బాల్ విజేతల పట్టిక తియ్యి. అక్కడ దాన్ని సాకర్ అంటారు కదా, ఆ పట్టిక. 1969 సెయింట్ లూయిస్. 1970 సెయింట్ లూయిస్. 1972 సెయింట్ లూయిస్. 1973 సెయింట్ లూయిస్. 1974 హోవర్డ్. మధ్యలో 1971 దగ్గర ఏ జట్టు పేరూ ఉండదు. టైటిల్ రద్దు అని మాత్రం ఉంటుంది. ఆ ఏడాది ఆట జరగలేదా అంటే, జరిగింది. మయామీలోని ఆరెంజ్ బౌల్‌లో ఫైనల్ ఆడారు. హోవర్డ్ 3, సెయింట్ లూయిస్ 2. నల్లజాతి విద్యార్థుల కోసం వెలిసిన ఒక యూనివర్సిటీ అగ్రశ్రేణి ఎన్‌సీఏఏ జాతీయ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. గెలిచారు, కప్పు ఎత్తుకున్నారు. ఏడాది తిరిగాక ఆ గడి ఖాళీ అయింది.

నీ పుస్తకం మొత్తం ఆ ఖాళీ గడి గురించే. మిగతా చరిత్ర అంతా ఆ గడి చుట్టూ కట్టు. అప్పుడు 1867 ఎక్కడ చెప్పాలో, ఎంత చెప్పాలో నీకే తెలుస్తుంది. రెండు వాక్యాలు చాలు.

ఈ పట్టు నాకు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్ల కిందట ఒక ఫుట్‌బాల్ క్లబ్బు స్వర్ణోత్సవానికి సావనీర్ వేస్తూ నన్ను చరిత్ర రాయమన్నారు. వాళ్లు ఇచ్చిన కాగితాలు, ఫొటోలు ముందేసుకుని రాసిచ్చాను. పుస్తకం వచ్చిన వారానికి ఒక పెద్దాయన సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికొచ్చాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫొటో ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. సావనీర్‌లో నేను వేసిన ఫొటోనే. నిలబడ్డవాళ్లలో ఎడమ నుంచి నాలుగో మనిషి మొహం మీద వేలు పెట్టి, "ఇది నేనే బాబూ" అన్నాడు. ఫొటోలో ఆటగాళ్లు పదకొండు మంది ఉన్నారు. కింద టైపు చేసిన పేర్లు పది. క్లబ్బు పెద్దలతో ఏదో మాట పట్టింపు వచ్చి ఆయన్ని తప్పించారట, పేరు కూడా తీసేశారట. ఆయన నా మీద కోప్పడలేదు. ఫొటో మీద దుమ్ము చొక్కా చేత్తో తుడుచుకుని మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సావనీర్‌కు మళ్లీ ముద్రణ రాలేదు. ఆయన పేరు ఎక్కించే అవకాశం నాకు దొరకలేదు. అప్పటి నుంచి ఏ జట్టు ఫొటో చూసినా ముందు తలలు లెక్కపెడతాను, తర్వాత పేర్లు.

నువ్వూ అలాగే లెక్కపెట్టు.

ఇక నీ రాతప్రతిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఆ టైటిల్ రద్దు సంగతి చెప్పే 1973 అధ్యాయం. "అన్యాయం", "కుట్ర", "జాతి విద్వేషం" అన్న మాటలు ఆ అధ్యాయంలో ఇరవై సార్లకు పైగా వచ్చాయి. నీ కోపం నాకు అర్థమైంది. కానీ ఇంత చదివాక కూడా, ఏ నిబంధన ఉల్లంఘించారని ఆ టైటిల్ పోయిందో నాకు తెలియలేదు. అది నువ్వు ఎక్కడా చెప్పలేదు. అదే చెప్పాలి. నిబంధనను ఉన్నదున్నట్టు పాఠకుడి ముందు పెట్టు. కోపం అతనికి అదే వస్తుంది.

ఆ నిబంధన ఏమిటో నీకు తెలుసు. విదేశీ విద్యార్థి పంతొమ్మిదో పుట్టినరోజు తర్వాత తన దేశంలో ఏదైనా క్లబ్బు తరఫున పోటీల్లో ఆడితే, అలా ఆడిన ప్రతి ఏడాదినీ అతని కాలేజీ ఆటలోంచి ఒక ఏడాదిగా కోసేసేవారు. అదే వయసు అమెరికన్ కుర్రాడు తన ఊళ్లో క్లబ్బుకు ఆడితే ఆ లెక్క లేదు. దీన్ని ఇలా చట్టం భాషలో చెబితే ఎవరికీ తగలదు. ఒక కుర్రాణ్ణి ఊహించుకో. కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో బడి అయిపోయింది. అమెరికా వెళ్లి చదవాలని ఉంది, ఇంట్లో డబ్బు లేదు. ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. రెండు మూడేళ్లు జీతం దాచుకున్నాడు. సాయంత్రాలు ఆఫీసు జట్టుకు ఆడాడు. ఇరవై రెండో ఏట హోవర్డ్‌లో సీటు తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రాలన్నీ ఇప్పుడు అతని లెక్కలో రాస్తారు.

నువ్వు కూడా ఇక్కడ రెండేళ్లు ఉద్యోగం చేసి, లోను పెట్టుకుని, వీసా టెన్షన్ పడి వెళ్లినవాడివే కదా. మన ఇళ్లలో పిల్లలు ఇలా వెళ్లని వీధి లేదు. తెలుగు పాఠకుడికి ఈ నిబంధన నువ్వు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ కుర్రాణ్ణి చూపిస్తే చాలు, కడుపులో దేవినట్టు అర్థమవుతుంది. నువ్వేమో ఈ చుట్టరికాన్ని వదిలేసి, రహీం సాబ్‌ను తెచ్చి హోవర్డ్ కోచ్ లింకన్ ఫిలిప్స్ పక్కన నిలబెట్టావు. రహీం ఉస్మానియాలో చదివిన మాస్టారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానానికి చేర్చిన మనిషి. ఆయనంటే నాకు ప్రాణం. కానీ ఆయనకూ హోవర్డ్‌కూ ఏ సంబంధమూ లేదు. ఆ రెండు పేజీలు తీసెయ్యి. రహీం సాబ్ గురించి విడిగా ఒక పుస్తకం రాద్దువుగాని.

ఇంకో సంగతి ఉంది. నువ్వు దాటవేశావు. అదే ఈ కథలో అన్నిటికంటే కష్టమైన భాగం. ఎన్‌సీఏఏ మోపిన ఆరోపణ విదేశీయుల నిబంధన ఒక్కటే కాదు. కాలేజీలో చేరాక అయిదేళ్లలోపే ఆటల కోటా పూర్తి చేసుకోవాలన్న నిబంధన ఒకటి. బడి మార్కులు, ప్రవేశ పరీక్షల ఆధారంగా మొదటి ఏడాది కనీసం 1.600 గ్రేడు వస్తుందని అంచనా ఉండాలన్న నిబంధన మరొకటి. హోవర్డ్ యూనివర్సిటీ, గినీ దేశం నుంచి వచ్చిన ఆటగాడు మోరీ డయానే కలిసి కోర్టుకెక్కారు. 1973లో కింది కోర్టు, 1975లో పై కోర్టు ఒకే మాట చెప్పాయి. విదేశీ విద్యార్థుల నిబంధన రాజ్యాంగానికి విరుద్ధం, చెల్లదు. మిగతా రెండూ చెల్లుతాయి. 1971 టైటిల్ తిరిగి రాలేదు.

ఈ సగం గెలుపును దాచొద్దు. నీ వాళ్లను అచ్చమైన అమాయకులుగా చూపించాలన్న ఆరాటంలో కోర్టు తీర్పును ఒక్క వాక్యంలో, అదీ మనకు నచ్చిన సగమే రాశావు. రేపు ఎవరైనా తీర్పు తీసి చదివితే నీ పుస్తకంలో ఏ మాటనూ నమ్మరు. పైగా, మొత్తం చెబితేనే కథ బలపడుతుంది. మార్కుల అంచనా నిబంధన అమెరికా బడుల కోసం రాసుకున్నది. ట్రినిడాడ్, జమైకా పిల్లలు రాసింది బ్రిటిష్ పద్ధతి జీసీఈ పరీక్షలు. ఒక ఊరి కొలపాత్రతో ఇంకో ఊరి బియ్యం కొలిచారు. ఈ మాట నీ నోటితో తీర్పుగా చెప్పకు. రెండు పరీక్షలనూ పక్కపక్కన పెట్టి వదిలెయ్యి. ఎవరు ఫిర్యాదు చేసి ఉంటారన్న ఊహాగానాలకు నువ్వు ఇచ్చిన మూడు పేజీలు మాత్రం పూర్తిగా కొట్టేశాను. నీ చేతిలో కాగితం లేనప్పుడు ఎవరి మీదా వేలు చూపించొద్దు.

సెయింట్ లూయిస్ గురించి కూడా ఒక మాట. నీ కథలో వాళ్లు పౌరాణిక నాటకంలో రాక్షసుల్లా ఉన్నారు. వాళ్ల కోచ్ హ్యారీ కియో ఎవరో చూశావా? పగలు తపాలా శాఖలో ఉద్యోగం, సాయంత్రం కోచింగ్. 1950 ప్రపంచ కప్‌లో, బ్రెజిల్‌లోని బెలో హొరిజాంటెలో, ఇంగ్లాండ్‌ను 1-0తో ఓడించిన అమెరికా జట్టులో రైట్ బ్యాక్‌గా ఆడినవాడు. ఆ ఒక్క గోల్ కొట్టిందెవరో తెలుసా? జో గేట్‌జెన్స్. హైతీ నుంచి న్యూయార్క్ వచ్చి కొలంబియా యూనివర్సిటీలో అకౌంటింగ్ చదువుకున్న కుర్రాడు. కరీబియన్ దీవుల నుంచి వచ్చిన విదేశీ విద్యార్థి! అమెరికా ఫుట్‌బాల్‌కు అంతటి పేరు తెచ్చిన గోల్ అలాంటి కుర్రాడి తల నుంచి వచ్చింది. అప్పుడు మైదానంలో అతని వెనక నిలబడ్డ కియో, ఇరవై ఏళ్ల తర్వాత అలాంటి కుర్రాళ్ల జట్టుకే ఎదురుగా నిలబడ్డాడు. ఇది నీకు దొరికిన వరం. రాక్షసుడి వేషం తీసేసి ఈ మనిషిని లోపలికి రానివ్వు.

ఫిలిప్స్ అధ్యాయం బాగుంది. ట్రినిడాడ్ గోల్‌కీపర్‌గా ఆడి, అమెరికాలో బాల్టిమోర్ బేస్, వాషింగ్టన్ డార్ట్స్ జట్లకు ఆడి, తర్వాత హోవర్డ్‌కు వచ్చిన తీరు సాఫీగా చెప్పావు. గోల్‌కీపర్ కోచ్ అయితే ఆటను వెనక నుంచి, మొత్తం ఒకేసారి చూస్తాడని నువ్వు రాసిన వాక్యం కింద గీత గీశాను. కానీ అంతకుముందే 1961లో టెడ్ చాంబర్స్ శిక్షణలో హోవర్డ్ ఎన్‌ఏఐఏ (చిన్న కాలేజీల ఆటలను నడిపే ఇంకో సంఘం) టైటిల్ గెలిచింది. అది నీ రాతప్రతిలో లేదు. ఫిలిప్స్ రాకముందు అక్కడ ఏమీ లేదన్నట్టు అయిపోయింది. చాంబర్స్ కూడా పేరు లేని పదకొండో మనిషి కాకూడదు.

ఇక 1974. 1973లో జాతీయ టోర్నమెంట్ ఆడనివ్వలేదు. మరుసటి ఏడాది 19 మ్యాచులు ఆడారు, 19 గెలిచారు. 63 గోల్స్ కొట్టి 6 మాత్రమే ఇచ్చారు. ఈ లెక్క ఒకేచోట చెప్పి వదిలెయ్యి. నువ్వు ఒక్కో మ్యాచ్ స్కోరూ వరసగా ఇస్తే పాఠకుడికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఆ పేజీలన్నీ ఫైనల్‌కు దాచుకో. ఫైనల్ ఎక్కడో తెలుసు కదా. సెయింట్ లూయిస్ నగరంలోనే, బుష్ స్టేడియంలో. రెండేళ్లుగా ఛాంపియన్ అయిన జట్టు, దాని సొంత ఊరు, దాని సొంత జనం. ఆట సమయం అయిపోయింది, 1-1. మొదటి ఎక్స్‌ట్రా టైం అయింది. రెండోది అయింది. మూడోదీ అయింది. నాలుగో దాంట్లో నైజీరియా కుర్రాడు కెన్నెత్ ఇలోడిగ్వే గోల్ కొట్టాడు.

నువ్వు దీన్ని నాలుగు వాక్యాల్లో చెప్పి, "చరిత్ర సృష్టించారు" అని ముగించావు. తమ్ముడూ, నాలుగు ఎక్స్‌ట్రా టైంలు ఆడిన కాళ్లు నాలుగు వాక్యాల్లో పట్టవు. నువ్వు ఆదివారాలు ఆడతావని రాశావు కదా. పిక్కలు పట్టేసినప్పుడు పరిగెత్తడం ఎలా ఉంటుందో నీకు తెలుసు. బంతి వస్తుంటే కళ్లకు కనిపిస్తుంది, కాలు లేవదు. అది రాయి. ప్రతి ఎక్స్‌ట్రా టైంకూ ఒక పేజీ ఇవ్వు, పేజీ పేజీకీ వాక్యాలు పొట్టివవ్వనీ. ఆ మ్యాచ్ ఆడినవాళ్లలో ఎవరైనా మాట్లాడతానంటే వెళ్లి కూర్చో. గోల్ గురించి అడక్కు. అది వాళ్లు వందసార్లు చెప్పి ఉంటారు, అచ్చు పోసినట్టు అదే మాట వస్తుంది. మూడో ఎక్స్‌ట్రా టైం అయ్యాక నీళ్లు తాగుతూ ఏం మాట్లాడుకున్నారని అడుగు. 1971లో ఆడి 1974లో లేనివాళ్లను, ఆ రోజు ఎక్కడున్నారని అడుగు.

ఆ తర్వాతి సంవత్సరాలు త్వరగా నడిపించు. 1988లో కీత్ టక్కర్ కోచ్‌గా మళ్లీ ఫైనల్‌కు వెళ్లి ఇండియానా చేతిలో 1-0తో ఓడిపోయారు. ఆ జట్టు గోల్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివే షకా హిస్లాప్ ఉన్నాడు. అతనే 2006 ప్రపంచ కప్‌లో, డోర్ట్‌మండ్‌లో, ట్రినిడాడ్ తరఫున స్వీడన్‌ను ఒక్క గోల్ కూడా కొట్టనివ్వకుండా ఆపినవాడు. అసలు గోల్‌కీపర్‌కు వార్మప్‌లో దెబ్బ తగిలితే ఆఖరి నిమిషంలో గ్లవ్స్ వేసుకున్నాడు. మన పాఠకుల్లో ఇంజినీరింగ్ చదవని ఇల్లు తక్కువ కాబట్టి హిస్లాప్‌కు ఒక పేజీ ఇచ్చినా నేనేమీ అనను.

పెన్సిలు గీతలు పెట్టిన కాపీ మా అబ్బాయితో స్కాన్ చేయించి పంపిస్తున్నాను. గీతలు చూసి దిగులు పడకు. గీత పెట్టని పేజీలు కూడా చాలా ఉన్నాయి, వాటిని ముట్టుకోవద్దు.

ఒక్క పని చేసి పెట్టు. జార్జియా అవెన్యూ పక్కన ఆ మైదానం ఉంది కదా, నీ రాతప్రతిలో ఎక్కడా నువ్వు దాని లోపలికి వెళ్లినట్టు లేదు. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి వెళ్లి, రెండు వైపులా గోల్‌పోస్టుల మధ్య నిలబడు. ఏ వైపు గోల్‌కీపర్‌కు ఎండ కళ్లలో కొడుతుందో నాకు రాసి పంపు.

నీ జాబు కోసం చూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య
హైదరాబాద్