రాయి చెక్కించే ముందు

బిడ్డా,

రెండో ప్రపంచ యుద్ధంల విమానంల పోయి తిరిగి రాని మా చిన్నాయన పేరు మీద ఊళ్లె రాయి పెట్టిస్తున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. కడుపు నిండింది. ఆ ఎనకాలనే గుబులు పట్టుకుంది, పటం మీదున్న సంవత్సరమే రాయికెక్కిస్తవేమోనని.

జాగకు పంచాయతీ తీర్మానం కాగితం మీద తీసుకో. నల్ల గ్రానైటు, అంగుళం మందం చాలు. అక్షరం మూడు మిల్లీమీటర్ల లోతన్న ఉండాలె, రంగు పోయినా చదవొస్తది.

ఇగ సంవత్సరం. ఆయన సంగతి చెప్తూ తాలూకా కచేరి నుంచి వచ్చిన ఉర్దూ కాగితంల ఇస్ఫందార్ నెల, 1354 ఫసలీ అని ఉన్నది. ఫసలీ అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరం లెక్క. ఇంగ్లీషు ఏడాది కోసం ఎవరో 590 కలిపి పటం మీద 1944 రాయించిండ్రు. శానమంది చేసే తప్పే. నిజాం ఫసలీ అక్టోబరు మొదట్ల ఆజూర్ నెలతోని షురువైతది. ఆజూర్, దై, బహమన్, ఈ మూడింటికే 590. బహమన్ ఆఖరు రోజులు జనవరిలకు జారుతయి, అక్కడ పైలం. నాలుగోది ఇస్ఫందార్, 591 కలపాలె. అంటే 1945 జనవరి!

ఏడాదే కదా అనకు. ఆ రెండు జనవరుల నడుమ ఇంఫాల్, కోహిమా యుద్ధమే అయిపోయింది. తప్పు ఏడాదిల స్క్వాడ్రన్ డైరీ, అంటే ఆయన విమాన దళం రికార్డు, తిప్పితే పేరు దొరకదు, మనోడు ఆ దళంలనే లేడనుకుంటవు. కాగితం రాసిన తేదీ, విమానం తిరిగి రాని తేదీ ఒకటి కావు, కొన్ని వారాలు ఎనుకకు పోయి చూడు. ఆ డైరీల ఫారం 540ల దినాం జరిగింది ఉంటది. ఏ విమానం, ఎవరు, ఎప్పుడు లేచిండ్రన్నది 541ల. రెండూ కావాలె. నెలల తర్వాత చనిపోయినట్టే లెక్క అని సర్కారు రాసుకున్న తేదీ ఇంకోటి, దాన్ని రాయి మీదికి తేకు.

పేరుదీ తిప్పలే. ఇంగ్లీషు రికార్డులల్ల ఇంటిపేరు పొడి అక్షరమైపోయి, చివరి రావో రెడ్డో ఇంటిపేరైతది. సర్వీసు నంబరు పట్టుకొని వెతుకు. హైదరాబాద్ అని కనబడితే మనదో సింధ్‌దో చూడు. బర్మా దిక్కు పోయి సమాధి లేని వైమానిక దళమోళ్ల కోసం సింగపూర్‌ల క్రాంజీ స్మారకం చూడు, 24 వేలకు పైన పేర్లున్నయి. ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంల ఉన్నయి స్వతంత్రం వచ్చినంక పోయినోళ్లవి, అక్కడ దొరకలేదని ఏడ్వకు.

ఇంకోటి, మన వైమానిక దళానికి 'రాయల్' తగిలింది 1945 మార్చిల. చిన్నాయన పేరు పక్కన అది వద్దు, ఎంత గొప్పగ కనబడ్డా.

'మరణం' అని కూడ చెక్కించకు. మా నాయనమ్మ బతికున్నన్ని దినాలు ఆయన పేరున బియ్యం ఇయ్యనియ్యలే. ఆమె పోయినంకనే పెత్రమాసకు, అదే పెద్దల అమాసకు, ఇస్తున్నం. 'తిరిగి రాలేదు' అని రాయించు. అసలు తేదీ దొరికినా పెత్రమాస బియ్యం మానేది లేదు.

చెక్కేటాయనకు ఇచ్చే ముందు అసలు సైజుల ప్రింటు తీసి వాట్సాప్ చెయ్యి. ఒక్క అక్షరం తప్పినా రాయంత మళ్ల అరగదీయాలె. అద్దాలు పెట్టుకొని రెండుసార్లు చూస్తా.

మీ తాత