కణం బతికుండగానే పట్టుకోవాలి

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. బతికున్న కణంలోనే ఆర్‌ఎన్‌ఏకి ఏయే ప్రొటీన్లు అంటుకుని ఉన్నాయో కనిపెట్టే పద్ధతి ఉందని సెమినార్‌లో విన్నాను. కణాన్ని పగలగొట్టి, ప్రొటీన్‌ని యాంటీబాడీతో (ఆ ఒక్క ప్రొటీన్‌నే పట్టుకునే అణువుతో) లాగి, దానితో వచ్చిన ఆర్‌ఎన్‌ఏని చూస్తే సరిపోదా? బతికుండగానే అని ఎందుకంత పట్టుదల?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: సరిపోదమ్మా. పచ్చడి నూరేశాక, రోట్లో ఏ మిరపకాయ పక్కన ఏ వెల్లుల్లి రెబ్బ ఉండేదో చెప్పగలమా? కణాన్ని పగలగొట్టినా అంతే. కేంద్రకంలో ఉండే ప్రొటీన్, బయట సైటోప్లాజంలో ఉండే ఆర్‌ఎన్‌ఏ జన్మలో ఒకదాని మొహం ఒకటి చూసి ఉండకపోవచ్చు. ట్యూబులో కలిశాక మాత్రం పట్టేసుకుంటాయి. ఆర్‌ఎన్‌ఏ ఒళ్లంతా రుణావేశం, చాలా ప్రొటీన్ల మీద ధనావేశం. అంటుకోవడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. యేల్ విశ్వవిద్యాలయంలో స్తావ్రూలా మిలీ, జోన్ స్టైట్జ్ దీన్ని 2004లో చూపించారు. ప్రొటీన్ ఒక కణాల్లోది, ఆర్‌ఎన్‌ఏ వేరే కణాల్లోది. పగలగొట్టిన ద్రవాలు రెండూ కలిపి యాంటీబాడీతో లాగితే రెండూ కలిసే వచ్చాయి. ఆ పేపర్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి ఆరు నెలలుగా నేను చేస్తున్నది మీరు అడిగిన పద్ధతే.

అందుకే ముందు ముడి వేసి, ఆ తర్వాతే కణాన్ని పగలగొడతాం. ముడి వేసేది అతినీల లోహిత కాంతి. 254 నానోమీటర్ల కాంతి పడితే ఆర్‌ఎన్‌ఏలోని బేస్‌కీ (దాని అక్షరానికీ), సరిగ్గా దాన్ని తాకుతున్న ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లానికీ మధ్య కోవలెంట్ బంధం, అంటే తేలిగ్గా ఊడని రసాయన బంధం పడుతుంది. కాస్త ఎడంగా ఉన్నా పడదు. రెండు ప్రొటీన్లు ఒకదాన్నొకటి తాకుతున్నా వాటి మధ్య పడదు. ఈ కాంతిలో నాకు నచ్చే గుణం అదే. కాకపోతే తాకుతున్న జంటల్లో కూడా ముడి పడేవి చాలా తక్కువ, అందుకే కోట్ల కణాలు పెంచాల్సి వస్తుంది.

చేసే తీరు ఇలా ఉంటుంది. పళ్లెమంత ప్లేట్లలో కణాలు పెంచి, పైనున్న పోషక ద్రవం తీసేసి, చల్లటి బఫర్‌తో (ఉప్పు ద్రావణంతో) కడిగి, ప్లేట్లను ఐసు మీద పెట్టి దీపం కిందకి తోస్తాం. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెబుతాను, రేపు మీరు ల్యాబ్‌కి వెళితే పనికొస్తుంది. మొదటి రెండు వారాలూ నాకు ఏమీ రాలేదు. ఆర్‌ఎన్‌ఏని పట్టే పూసలు మార్చాను, ఎంజైమ్ మార్చాను, కణాలు కొత్తగా పెంచాను, ఒకటే టెన్షన్. చివరికి మా సీనియర్ అక్క పక్కన నిలబడి చూసి, "మూతలు తియ్యకుండానే పెడుతున్నావేంటి?" అంది. మన కంటికి అద్దంలా కనిపించే ఆ ప్లాస్టిక్ మూత 254 కాంతిని దాదాపు మొత్తం మింగేస్తుంది.

కాంతి పడ్డాక కణాలను పగలగొడితే ద్రవం చిక్కటి గంజిలా సాగుతుంది. అది డీఎన్‌ఏ. సన్న సూదిలోంచి మళ్లీ మళ్లీ లాగి వదిలితేనే పలచబడుతుంది, బొటనవేలు నొప్పి పుడుతుంది. తర్వాత ఇటుక రంగు అయస్కాంతపు పూసలు వేస్తాం. వాటికి వరసగా 'టి' అక్షరాల డీఎన్‌ఏ ముక్కలు అతికించి ఉంటాయి. ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తోకలో వరసగా 'ఎ'లు ఉంటాయని చదివారు కదా, ఆ తోక వచ్చి పూసకు చిక్కుతుంది. ఇక ఘాటైన డిటర్జెంట్‌తో, ఉప్పుతో నిర్దయగా కడగాలి. ట్యూబులో కొత్తగా అంటుకున్నవన్నీ ఊడిపోతాయి, కాంతి వేసిన ముడి ఊడదు. చివర ఆర్‌ఎన్‌ఏని ఎంజైమ్‌తో కరిగించి, మిగిలిన ప్రొటీన్లను మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఇస్తాం. ముక్కల బరువు తూచి అవి ఏ ప్రొటీన్లో చెప్పే యంత్రం అది.

అంతకుముందు కొంచెం, ప్రొటీన్లను సైజు వారీగా గీతలుగా విడదీసే జెల్ మీద నడిపి, గీతలు కనబడేలా వెండి లవణంతో రంగు తెప్పించాలి. కాంతి పెట్టని కణాలను పక్కన నడపకుండా ఎవరైనా ఫలితం చూపిస్తే నమ్మకండి. నాకు మొదటిసారి కుదిరిన రోజు, కాంతి పెట్టని వరసలో మేం వేసిన ఎంజైమ్ గీతలు తప్ప దాదాపు ఏమీ లేవు. కాంతి పెట్టిన వరస మాత్రం పై నుంచి కింద దాకా గోధుమ రంగు గీతలతో నిండిపోయింది. ట్రేలో అవి ఒక్కొక్కటే తేలుతుంటే కన్ను తిప్పలేకపోయాను.

ఈ దారిలో 2012లో జర్మనీలో హైడెల్‌బర్గ్‌లోని ఈఎంబీఎల్ అనే పరిశోధన సంస్థలో మథియాస్ హెంట్సె బృందం హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాల్లో) 860 ప్రొటీన్లను పట్టింది. వాటిలో 300కు పైగా ప్రొటీన్లు ఆర్‌ఎన్‌ఏని పట్టుకుంటాయని అంతకుముందు తెలియదు. అదే ఏడాది బెర్లిన్ నుంచి మార్కుస్ లాంట్‌హాలర్ బృందం కిడ్నీ కణాల్లో 800 దాకా చూపించింది. జాబితాలో చక్కెరను విరిచే ఎనొలేజ్ లాంటి ఎంజైమ్‌లు కూడా ఉన్నాయి. పొరపాటు అనుకోకండి. సైటోప్లాజంలోని అకొనిటేజ్ సంగతి అంతకుముందే తెలుసు. ఇనుము చాలినంత ఉంటే అది ఎంజైమ్‌గా పనిచేస్తుంది. ఇనుము తగ్గితే తనలోని ఇనుము–గంధకం ముద్దను పోగొట్టుకుని, ఇనుమును దాచే ఫెరిటిన్ ప్రొటీన్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మీద కూర్చుని దాని తయారీని ఆపేస్తుంది. ఇనుమే లేనప్పుడు దాన్ని దాచే డబ్బా ఎందుకు మరి!

ప్రశ్న: కణంలోని ఆర్‌ఎన్‌ఏలన్నిటినీ కాకుండా ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏకి అంటుకున్నవాటిని వేరు చేయగలరా?
– ఒక జూనియర్ లెక్చరర్, జగిత్యాల

జవాబు: చేయగలరండి, కష్టపడితే. ఆడ క్షీరదాల్లో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని నిద్రపుచ్చే ఎగ్జిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ ఉంది. దానికి జోడీ కుదిరే డీఎన్‌ఏ ముక్కలకు బయోటిన్ (లాగడానికి కొక్కెంలా పనికొచ్చే చిన్న అణువు) తగిలించి, గాలంలా వేసి లాగారు. 2015లో కాల్‌టెక్‌లో గుట్‌మన్ బృందం అతినీల లోహిత కాంతితో 10 ప్రొటీన్లను పట్టింది. స్టాన్‌ఫర్డ్‌లో చాంగ్ బృందం ఫార్మాల్డిహైడ్ అనే రసాయనంతో 81 పట్టింది. ఫార్మాల్డిహైడ్ ప్రొటీన్‌ని ప్రొటీన్‌తో కూడా కట్టేస్తుంది కాబట్టి చుట్టాలతో పాటు చుట్టాల చుట్టాలూ వచ్చేస్తారు. రెండు జాబితాల్లోనూ స్పెన్ అనే ప్రొటీన్ ఉంది. దాన్ని తగ్గిస్తే ఎక్స్ క్రోమోజోము నిద్రపోలేదు. నా మటుకు నాకు, జాబితా ఎంత పొడుగు ఉందన్నదాని కంటే ఇలా తీసేసి చూసిన ఒక్క ప్రొటీనే విలువైనది.

ప్రశ్న: మా ఇంటి వాటర్ ఫిల్టర్‌లో కూడా యూవీ దీపం ఉంది. అదీ ఇదీ ఒకటేనా?
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: మామూలుగా ఫిల్టర్లలో వాడే పాదరసం దీపమైతే ఒకటేనండి, అదే 254 నానోమీటర్లు. ఫిల్టర్‌లో అది సూక్ష్మజీవుల డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను పాడుచేస్తుంది. వెలుగుతుండగా దాని కవరు తీసి చూడకండి, కళ్లు మండిపోతాయి. ల్యాబ్‌లో మేం కూడా తలుపు మూసిన పెట్టెలోనే వెలిగిస్తాం.