అమ్మ నేత్రదానానికి అన్నయ్య అడ్డు చెప్పగలడా?

ప్రశ్న: మాది ఖమ్మం. అమ్మకు 71 ఏళ్లు, నా దగ్గరే ఉంటుంది. రెండేళ్ల కిందట కంటి శిబిరంలో నేత్రదాన పత్రం మీద సంతకం చేసింది. సాక్షులుగా మావారు, పక్కింటి ఆంటీ సంతకాలు పెట్టారు. డాలస్‌లో ఉన్న అన్నయ్యకు ఇది అస్సలు ఇష్టం లేదు. వచ్చే జన్మలో గుడ్డిదిగా పుడుతుందంటాడు, ఫ్రీగా తీసుకుని అమ్ముకుంటారంటాడు, నేను వచ్చేదాకా ఎవరైనా ముట్టుకుంటే కేసు వేస్తానంటున్నాడు. వీలునామాలో కూడా రాయిస్తే గట్టిగా ఉంటుందా?

జవాబు: మీ అన్నయ్య కేసు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ దగ్గరున్న పత్రంలోనే ఒక లోపం ఉంది. అవయవ, కణజాల మార్పిడి చట్టం (1994లో వచ్చింది, 2011లో సవరించారు, తెలంగాణ 2025 మార్చిలో స్వీకరించింది) ప్రకారం మనిషి బతికుండగా రాసిచ్చే అనుమతికి ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లలో కనీసం ఒకరు దగ్గరి బంధువు అయి ఉండాలి. దగ్గరి బంధువు అంటే ఎవరో చట్టమే చెప్పింది: భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, నాయనమ్మ అమ్మమ్మలు, మనవలు, మనవరాళ్లు. ఇందులో అల్లుడు లేడు! కోడలూ లేదు. ఇరవై ఏళ్లుగా అత్తగారిని కన్నతల్లిలా చూసుకున్నా సరే, మీవారి సంతకం ఇక్కడ పక్కింటి ఆంటీ సంతకంతో సమానమే.

దీనివల్ల ఏమవుతుందంటారా? పత్రం సరిగ్గా ఉంటే, అమ్మ తర్వాత మనసు మార్చుకుందని నమ్మే కారణం లేనంతవరకు, భౌతికకాయం ఎవరి అధీనంలో ఉంటే వాళ్లు డాక్టర్లకు సహకరించి తీరాలని చట్టం చెబుతోంది, అక్కడ కొడుకు అభ్యంతరానికి చోటు లేదు. పత్రం చెల్లకపోతే మాత్రం లెక్క మారిపోతుంది. అప్పుడు మీరు అనుమతి ఇవ్వొచ్చు గానీ, దగ్గరి బంధువుల్లో ఎవరికైనా అభ్యంతరం ఉందని మీకు తెలిస్తే ఇవ్వకూడదు. మీకు తెలుసు కదా, నాకు రాసిన ఉత్తరంలోనే ఉంది. అంటే ఒక్క సాక్షి సంతకం తేడాతో అన్నయ్య చేతికి మీరే తాళం ఇచ్చినట్టయింది.

కాబట్టి పత్రం ఈ వారమే మార్చండి. సాక్షిగా మీరు పెట్టండి, 18 నిండిన మనవడో మనవరాలో ఉంటే వాళ్లతో కూడా పెట్టించండి. 'అమ్మ ఫోన్లో నాతో వద్దంది' అని రేపు అన్నయ్య అనకుండా, అమ్మ తన నోటితో చెబుతుండగా సెల్‌ఫోన్లో ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి.

వీలునామాలో రాయించడం దండగ. నా క్లయింటు ఒకాయన అలాగే రాశారు, మొదటి పేజీలోనే, 'నా కళ్లు దానం చేయవలెను' అని. ఆ కవరు బీరువాలోంచి తీసింది పదకొండో రోజు, భోజనాలయ్యాక. విస్తళ్లు ఇంకా ఎత్తలేదు, పెద్ద కొడుకు ఆ వాక్యం దగ్గర ఆగి నా మొహం చూశాడు. నేనేం చెప్పను?

ఎందుకంటే కార్నియా, అంటే కంటి ముందు భాగంలో ఉండే పారదర్శకమైన పొర, మరణించిన ఆరు గంటల్లోపే తీయాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. అన్నయ్య కోసం ఫ్రీజర్ పెట్టె తెప్పిస్తారు సరే, డాలస్ నుంచి ఆయన వచ్చేసరికి ఒక రోజు దాటుతుంది. ఈలోగా మీరు చేయాల్సింది ఐ బ్యాంక్‌కు ఫోన్ చేయడం, కనురెప్పలు మూసి తడి దూది పెట్టడం, ఫ్యాన్ ఆపేయడం, తల కింద దిండు పెట్టడం. కళ్లు ఇంట్లోనే తీయొచ్చు, శిక్షణ పొందిన టెక్నీషియన్ వచ్చినా చాలు, పావుగంట ఇరవై నిమిషాల పని, ముఖంలో తేడా తెలీదు. మరణాన్ని ధ్రువీకరించే మనిషి మాత్రం రిజిస్టరైన డాక్టరే అయ్యుండాలి, మన ఊళ్లలో ఆర్ఎంపీ అని పిలిచే ఆయన పనికిరాడు. యాక్సిడెంట్ లాంటిది జరిగితే పోలీసు పంచనామా ఉంటుంది, అప్పుడు వాళ్లతో మాట్లాడకుండా ఏదీ చేయకండి.

అమ్ముకుంటారన్న మాటకు: కార్నియా లాంటి కణజాలం కొన్నా అమ్మినా ఏడాది నుంచి మూడేళ్ల జైలు, 5 లక్షల నుంచి 25 లక్షల జరిమానా. రక్తపరీక్షలకు, నిల్వకు అయ్యే ఖర్చు ఐ బ్యాంక్ వసూలు చేసుకోవచ్చు, అది కంటి వెల కాదు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 1989 నుంచి రామాయమ్మ ఐ బ్యాంక్ నడుస్తోంది, డబ్బు కట్టలేని పేదవాళ్లకు అక్కడ ఉచితంగా చూస్తారు. అన్నయ్యకు అనుమానముంటే వచ్చినప్పుడు తీసుకెళ్లి చూపించండి. వచ్చే జన్మ గురించి నా దగ్గర సెక్షన్లు లేవు గానీ, శ్రీకాళహస్తి వెళ్లి కన్నప్పకు దండం పెట్టుకొచ్చేవాళ్లు ఈ మాట అనడం నాకెప్పుడూ విచిత్రమే.

కేసు అంటారా, వేయొచ్చు, ఎవరైనా వేయొచ్చు. పత్రం సక్రమంగా ఉండి, చట్టం ప్రకారం సదుద్దేశంతో చేసిన పనికి రక్షణ ఉంది. అయితే ఒక నిజం చెప్పాలి. గుమ్మం దగ్గర అన్నాచెల్లెళ్లు అరుచుకుంటుంటే, చేతిలో ఎంత మంచి పత్రమున్నా ఐ బ్యాంక్ వాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. అందుకే పత్రంలో సాక్షికి మరో గడి ఖాళీగా ఉంచండి, అన్నయ్య సెలవులకు వచ్చినప్పుడు అమ్మ చేతే అడిగించి ఆయన సంతకం పెట్టించండి.