హైడ్రోజెల్ కట్టు తయారీకి దిగేముందు

చిరంజీవి శారదకు ఆశీస్సులు.

గాయాలపై వేసే సూక్ష్మజీవినిరోధక హైడ్రోజెల్ (నీటిని పీల్చి పట్టి ఉంచే జెల్) కట్టు మీద పరిశోధన మొదలుపెడుతున్నానంటూ నువ్వు పంపిన ప్రణాళిక చదివాను. అందులో సగానికి పైగా వెండి నానోకణాల గురించే ఉంది. స్టెరిలైజేషన్‌ను, అంటే కట్టులో సూక్ష్మజీవులేవీ మిగలకుండా శుద్ధి చేయడాన్ని, మాత్రం చివరి పేజీలో ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నేనైతే ఆ వరస తిరగేస్తాను.

జెల్‌కు వాడే కైటోసాన్ (రొయ్యల పెంకుల నుంచి తీసేది), ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసేది) అణుగొలుసులు స్టెరిలైజేషన్‌కు వాడే గామా కిరణాల 25 కిలోగ్రే మోతాదుకు తెగుతాయి కనుక, అంతకుముందు గట్టిగా నిలిచిన జెల్ ఆ తరవాత పట్టుకుంటే వేళ్ల మధ్య జారిపోవచ్చు. పాలీవినైల్‌పిరోలిడోన్ (నీటిలో కరిగే పాలిమర్), అగార్ కలిపిన మిశ్రమమైతే ఎలక్ట్రాన్ కిరణాల కింద ప్యాకెట్‌లో ఉండగానే జెల్‌గా మారుతుంది, శుద్ధీ అవుతుంది. శుద్ధి చేసే పద్ధతి తేలాకే పదార్థాన్ని ఎంచుకో.

కైటోసాన్‌నే వాడదలిస్తే ఒక చిక్కుంది. బ్యాక్టీరియాను దెబ్బతీసే దాని ధనావేశం పీహెచ్ సుమారు 6.5 దాటితే చాలావరకు పోతుంది. మానని పాతపుండ్లేమో తరచుగా క్షారగుణంతో ఉంటాయి. పైగా దాన్ని ఎసిటిక్ ఆమ్లంలో కరిగిస్తాం కాబట్టి, బ్యాక్టీరియాను చంపింది కైటోసానో ఆమ్లమో తెలియాలంటే ఉత్త ఆమ్లంతో ఒక కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) తప్పనిసరిగా పెట్టాలి. ఈ కంట్రోల్ లేని ఫలితాలను నేను నమ్మను.

బ్యాక్టీరియాను పెంచే అగార్ పళ్లెంలో జెల్ చుట్టూ ఏర్పడే ఖాళీ వలయం ఫొటోకు బాగుంటుంది గానీ, అది ప్రధానంగా మందు ఎంత దూరం పాకిందో చెబుతుంది. బతికి మిగిలిన బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెట్టు: కోటి బ్యాక్టీరియాలో 99 శాతం చచ్చినా లక్ష మిగులుతాయి. వెండి అయాన్లను గాయపు స్రావంలోని క్లోరైడ్, ప్రోటీన్లు పట్టేస్తాయి. కాబట్టి సీరం కలిపిన ద్రవంలోనే పరీక్షించు, గాయాల్లో చేరే స్టాఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ బ్యాక్టీరియాల బయోఫిల్మ్ (అవి గుంపుగా అంటుకుని కట్టుకునే జిగురుపొర) మీద కూడా చూడు. అదే మోతాదులో గాయాన్ని మాన్పే చర్మకణాలైన ఫైబ్రోబ్లాస్టులు, కెరటినోసైట్లు బతుకుతున్నాయా అన్నది విడిగా కాక పక్కపక్కనే చూడాలి. వైద్యపరికరాలు కణాలకు హాని చేస్తాయా అని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993-5 ప్రకారం కణాల జీవశక్తి 70 శాతం కన్నా తగ్గితే దాన్ని విషప్రభావంగానే లెక్కిస్తారు.

జంతుప్రయోగం దాకా వెళ్లినప్పుడు నీ జెల్‌ను పొడి గాజ్‌గుడ్డతో పోల్చి ఊరుకోకు. తేమగా కప్పి ఉంచిన గాయంపై పైచర్మం దాదాపు రెట్టింపు వేగంతో కమ్ముకుంటుందని జార్జ్ వింటర్ 1962లోనే పందులపై చూపాడు కాబట్టి, మందు కలపని నీ జెల్లే అసలైన పోటీదారు.

స్టెరిలైజ్ చేయకముందు, చేశాక నమూనాలు ఎంత ద్రవం పీల్చుకున్నాయో ఆ లెక్కలు ముందు పంపు; వెండి మోతాదు సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ పెదనాన్న