డీసీబీకీ బ్యాంకుకీ లెక్క కుదరడం లేదు

ప్రశ్న: మున్సిపాలిటీలో ఈ మధ్యే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా ప్రమోషన్ వచ్చింది. నా కింద నలుగురు బిల్ కలెక్టర్లు. నెలాఖరులో ఆస్తి పన్ను వసూలు డీసీబీలో (డిమాండ్, వసూలు, బకాయి చూపే లెక్క) ఒకటి, బ్యాంకులో ఇంకొకటి కనిపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

జవాబు: ముందు నెలాఖరు దాకా ఆగడం మానేయండి. రోజూ సాయంత్రం ఒక్కో కలెక్టర్ రసీదుల మొత్తం, వాళ్లు కట్టిన చలానా పక్కపక్కన పెట్టి చూడండి, ఎందుకంటే ఒక్క రోజు తేడా పది నిమిషాల్లో దొరుకుతుంది, నెల రోజుల తేడా మాత్రం మీ ఆదివారాలన్నీ తినేస్తుంది. రసీదు నంబర్లు వరుసగా ఉన్నాయా, రద్దు చేసిన రసీదు రెండు ప్రతులూ పుస్తకంలోనే ఉన్నాయా అన్నది మీ కళ్లతో చూడాలి.

నేను ఎక్కువగా చూసిన తప్పు ఏప్రిల్ రాయితీ దగ్గర. ఏడాది పన్ను 6,000 ఉన్నాయన ఏప్రిల్‌లోనే మొత్తం కడితే 5 శాతం పోను 5,700 ఇస్తాడు. ఆ 300 రాయితీగా ఎక్కించకపోతే బకాయిగా మిగిలిపోయి, సక్రమంగా కట్టిన మనిషికే మళ్లీ నోటీసు వెళ్తుంది. ఇది చాలా అన్యాయం. అలాగే నెలకు 2 శాతం వడ్డీని పన్నులో కలపకుండా వేరుగా చూపించాలి. చెక్కు తిరిగొస్తే అదే రోజు వసూలు తీసేసి, బాకీ మళ్లీ నిలబెట్టండి.

కలెక్టర్లను అనుమానించినట్టు కాకుండా, పక్కన కూర్చుని లెక్క చూడండి.