పాత స్నేహితుడు పలకరించాడు, ఇంట్లో మాట్లాడే మనిషి లేడు

ప్రశ్న: నా వయసు 37. గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. పెళ్లయి పద్నాలుగేళ్లయింది, ఇద్దరు పిల్లలు. నా భర్త కొట్టరు, తాగరు, కానీ నాతో మాట్లాడరు. నోరు విప్పితే మా పుట్టింటివాళ్లను ఎత్తిపొడవడమే. నా జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది. మొన్న సంక్రాంతికి మా ఊరి హైస్కూలులో పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం జరిగితే, చిన్నప్పుడు నాతో కలిసి బడికి నడిచి వచ్చిన స్నేహితుడు కలిశాడు. ఇప్పటికీ హాజరు పట్టీలో ఉన్న పాత ఇంటిపేరుతోనే నన్ను పిలుస్తాడు. అప్పటి నుంచి రోజూ వాట్సాప్‌లో మాట్లాడుకుంటున్నాం. అతనికీ పెళ్లయింది. మా మధ్య తప్పేమీ జరగలేదు. అయినా అతని నంబరును ‘గ్యాస్ ఏజెన్సీ’ అని సేవ్ చేసుకున్నాను, పడుకునే ముందు మెసేజ్‌లన్నీ చెరిపేస్తున్నాను. ఈమధ్య విజయవాడలో ఒకసారి కలుద్దామంటున్నాడు. ఇంట్లో ఇబ్బందులు చెప్పుకుంటే అమ్మ సర్దుకుపొమ్మంటుంది. ఈ స్నేహం మానేయాలా?

సమాధానం: మీరు అడిగింది స్నేహం గురించి, కానీ మీ ఉత్తరంలో బాధంతా సంసారం గురించే ఉంది. ఈ రెండింటినీ ఒకే ముడిగా వేసుకుని చూస్తున్నంతకాలం మీకు ఏ నిర్ణయమూ తోచదు కనుక, ముందు వాటిని విడదీసి చూద్దాం.

అతని పలకరింపు వల్ల మీకు కలుగుతున్న సంతోషానికి సిగ్గుపడనవసరం లేదు. కోడలిగా, తల్లిగా, టీచరుగా అందరికీ ఏదో ఒకటి చేసిపెట్టడమే తప్ప తన గురించి తాను చెప్పుకునే అవకాశం లేని మనిషికి, పెళ్లికి ముందు తానెవరో తెలిసిన ఒక మనిషి ఎదురైతే ప్రాణం లేచివచ్చినట్లు ఉండటం సహజం. అయితే మీకు తెలిసిన అతను పదిహేనేళ్ల కుర్రవాడు. మధ్యలో ఇరవై రెండేళ్లు గడిచాయి. నెలాఖరున చేతిలో డబ్బు లేనప్పుడు, పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు తన ఇంట్లో అతను ఎలా ఉంటాడో మీరు చూడలేదు. రోజూ ఇంటి బరువు మోస్తూ మాట్లాడే భర్తను, ఏ బరువూ లేకుండా మాట్లాడే స్నేహితునితో పోల్చడం ఇద్దరి విషయంలోనూ న్యాయం కాదు. అతని భార్యకు మీ సంభాషణల సంగతి తెలుసో లేదో మీరు రాయలేదు. అది మీరు అడిగి తెలుసుకోవలసిన మొదటి విషయం.

నన్ను ఆపింది ఆ ‘గ్యాస్ ఏజెన్సీ’ మాట. తప్పేమీ జరగలేదని మీరు నిజమే చెబుతున్నారు, కానీ దాచిపెట్టడం ఎక్కువైనకొద్దీ మామూలు మాట కూడా రహస్యపు రుచి పట్టుకుంటుంది. అలాగని ఇవాళే భర్తకు అన్నీ చెప్పేయమని నేను అనను. చాలామంది అలాంటి సలహానే ఇస్తారు. సొంత జీతం మీదనే మీకు అధికారం లేని ఇంట్లో ఆ నిజాయితీ రేపు మీ మీదికే ఆయుధంగా రావచ్చు. అందుకు బదులు మీ బ్యాచ్‌లో నమ్మకమైన స్నేహితురాలికో, అక్కచెల్లెళ్లలో ఒకరికో ఈ సంగతి చెప్పండి. రాత్రిపూట సంభాషణలు ఆపండి. ముఖ్యంగా భర్త మీద మీకున్న ఫిర్యాదులు అతనికి చెప్పడం మానండి, ఎందుకంటే స్నేహం హద్దు దాటేది చాలాసార్లు ఆ ఓదార్పు దగ్గరే. విజయవాడకు ఒంటరిగా వెళ్లకండి. “మా ఇంటి సంగతి తేల్చుకునే దాకా విడిగా కలవలేను, బ్యాచ్ అందరూ కలిసినప్పుడు కలుద్దాం” అని సూటిగా చెప్పండి. అతను దాన్ని గౌరవిస్తే ఆ స్నేహాన్ని ఉంచుకోవచ్చు, అలిగినా బలవంతపెట్టినా వదులుకోవడమే మేలు.

చట్టం గురించి కూడా ఒక మాట. పరాయి పురుషునితో మాట్లాడినందుకు కేసు పెడతామని భార్యలను బెదిరించేవారు ఇప్పటికీ ఉన్నారు. స్నేహం నేరం కాదు. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497వ సెక్షనును కూడా సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. పైగా ఆ సెక్షను కింద భార్యకు ఏనాడూ శిక్ష లేదు. కానీ 1955 నాటి హిందూ వివాహ చట్టంలో అలాంటి సంబంధం విడాకులకు కారణంగా ఇప్పటికీ ఉంది, భరణం కేసులలోనూ భర్తల తరఫువారు దాన్ని ఎత్తి చూపుతారు. భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన మాటలను కూడా వైవాహిక వివాదాలలో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు మీరు విడిపోవాలనుకున్నా, కలిసి ఉండాలనుకున్నా, ఈ స్నేహమే అసలు కారణమన్నట్లు చిత్రించే అవకాశం ఎవరికీ ఇవ్వకండి.

ఇక సంసారం సంగతి. కొట్టడు, తాగడు కనుక మంచివాడే అన్న లెక్క మన ఇళ్లలో ఆడపిల్లలకు చాలా అన్యాయం చేసింది. 2005 నాటి గృహహింస చట్టం మాటలతో కించపరచడాన్ని, భార్యకు ఆమె డబ్బు అందకుండా చేయడాన్ని కూడా హింసగానే గుర్తిస్తుంది. మీ అమ్మగారికి “ఆయన మాట్లాడరు” అని కాకుండా “నా జీతం నా చేతికి రావడం లేదు, బస్సు చార్జీలకు కూడా అడుక్కోవలసి వస్తోంది” అన్నంత వివరంగా చెప్పండి. సర్దుకుపొమ్మనే తల్లులు కూడా డబ్బు సంగతి వినగానే ఆలోచనలో పడటం నేను చూశాను.

భర్తతో మాట్లాడేటప్పుడు పద్నాలుగేళ్ల చిట్టా విప్పకండి. పిల్లలు ఇంట్లో లేని ఒక ఆదివారం, టీవీ కట్టేసి, ఒక్క విషయమే అడగండి: కార్డు ఇకనుంచి నా దగ్గర ఉంటుంది, ఇంటి ఖర్చుకు నెలకు ఇంత ఇస్తాను, అని. ఆయన మౌనానికి చెప్పుకోలేని అప్పో, మానసిక కుంగుబాటో కారణం కావచ్చు కనుక అది కూడా అడగండి. మానసిక ఆరోగ్యానికి 14416 టెలిమానస్ నంబరులో ఉచితంగా మాట్లాడవచ్చు, ఆ సహాయం మీకైనా ఆయనకైనా అందుతుంది. ఇద్దరూ కలిసి కౌన్సెలింగుకు వెళ్దామని అడగండి, ఆరు నెలలు గడువు పెట్టుకోండి.

ఆయన ఏదీ ఒప్పుకోకపోతే, ఖాతా మీ పేరు మీదే ఉంటుంది కనుక బ్యాంకు శాఖకు వెళ్లి పాత కార్డును నిలిపివేయించి కొత్తది తీసుకునే హక్కు మీకుంది. దానివల్ల ఇంట్లో గొడవ ముదురుతుందన్న భయం ఉంటే, ముందుగా 181 మహిళా హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి మీ జిల్లాలో హింసకు గురైన మహిళలకు సాయం అందించే సఖి కేంద్రం వివరాలు తెలుసుకోండి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, దాని నంబరు 15100. అక్కడికి వెళ్లేటప్పుడు జీతం రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్ నకళ్లు తీసుకువెళ్లండి. వాటిని ఇప్పటినుంచే మీ పుట్టింట్లో దాచి ఉంచుకోండి.